కూల్చిన ఇండ్ల మట్టి పొలంలో పోయించుకునే ముందు...

రామగుండం, గోదావరిఖనిలో పాత ఇండ్లు కూల్చి కొత్తవి కడుతున్నారు. ఆ పెళ్లలు, ఇటుక ముక్కలు ఎక్కడో ఒకచోట పడాలి. "పొలంల గుంత పూడుతది, ఊరికే పోస్తం" అని ట్రాక్టరాయన అడిగితే వెంటనే సరే అనకండి.

లోడులో ఏముందో ముందు దించి చూడాలి. మన దగ్గర ఓపెన్‌కాస్టు మట్టినీ, ఎన్టీపీసీ బూడిదనూ, కూలిన గోడలనూ కలిపి 'మట్టి' అనే అంటారు. మూడూ ఒకటి కావు. కూలిన గోడలో సిమెంటు, సున్నం ఉంటాయి. వాటి పొడి నేలలో కలిస్తే ఉదజని సూచిక పెరుగుతుంది. అప్పుడు నేలలో జింకు ఉన్నా పైరుకు అందదు. నాటిన రెండు నుంచి నాలుగు వారాల్లో వరి లేత ఆకుల మొదట్లో ఈనె తెల్లబడి, పాత ఆకులపై తుప్పు మచ్చలు వస్తాయి. రైతేమో తెగులనుకొని మందు కొడతాడు! ఎకరాకు 20 కిలోల జింక్ సల్ఫేట్ దుక్కిలో వేయాలి. భాస్వరం ఎరువుతో కలపవద్దు. జిప్సం వేస్తే విరుగుతుందని కొందరంటారు. అది సోడియం ఎక్కువున్న చౌడుకు పనిచేస్తుంది గానీ సున్నం ఎక్కువైన చోట కాదు. పశువుల ఎరువు, జీలుగ మేలు.

లెక్క కూడా చూడండి. గుంట జాగా ఒక అడుగు లేపాలంటే సుమారు 30 ఘనపు మీటర్లు, అంటే దాదాపు పది ట్రిప్పులు. పోయడం ఊరికే. మళ్లీ ఎత్తిపోయాలంటే ఆ పది ట్రిప్పుల కిరాయీ, కూలీ మీ నెత్తినే. మేకులు, గాజు పెంకులు ఎడ్ల గిట్టల్లో దిగితే ఆ నష్టం వేరు.

అన్నీ పనికిరానివి కావు. ఇనుము, గాజు, ప్లాస్టిక్ ఏరేసిన ఇటుక ముక్కలు, పెళ్లలు పొలం బాటకు, కొట్టం అడుగుకు బాగుంటాయి. పెద్దవి కింద పరిచి పైన మొరం పోయాలి. బాట కింద నీళ్లు పోయేందుకు తూము వదలడం మరవద్దు. పాడుబడ్డ బావిలో, కుంటలో, ఒర్రెలో మాత్రం పోయనీయకండి. పాత సిమెంటు రేకుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుంది. కొట్టానికి తెచ్చుకున్నా కోయవద్దు, పగలగొట్టవద్దు. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో దిగితే పోదు.

అసలు ఈ చెత్తకు దారి చూపాల్సింది రైతు కాదు. 2016 నాటి కేంద్ర నియమాల్లోనే కూల్చినవారు దీన్ని వేరుచేసి, పురపాలక సంస్థ చూపిన చోటికి చేర్చాలని ఉంది. వాటి స్థానంలో 2025లో కొత్త నియమాలు ప్రకటించారు. వాటి అమలు తేదీ 2026 ఏప్రిల్ 1. హైదరాబాద్ జీడిమెట్లలో 2020లోనే దీన్ని ఇసుకగా, కంకరగా మార్చే ప్లాంటు పెట్టారు. కాబట్టి మీ గెట్టు దగ్గర ఆగిన ట్రాక్టరాయనను, కార్పొరేషన్ చూపిన చోటుకు ఎందుకు తీసుకుపోవడం లేదో అడగండి. చెప్పకుండా పోసిపోతే బండి నంబరు రాసుకొని, ఫోటో తీసి పంచాయతీ కార్యదర్శికి రాతపూర్వకంగా ఇవ్వండి.

ఇప్పటికే పోయించుకున్నవారు ఆ చోటి మట్టిని, పోయని చోటి మట్టిని వేర్వేరు సంచుల్లో భూసార పరీక్షకు పంపాలి. రెండూ కలిపితే తేడా తెలియదు.