పెరట్లో పిజ్జా ఓవెన్: 400 కిలోల ఈ ‘బ్యాటరీ’ని మన ఊరి సామానుతో కట్టొచ్చా?

ఈ సైట్‌లో ఏ రివ్యూ తీసుకున్నా బ్యాటరీ గురించి ఒక పేరా ఉంటుంది. ఈసారి ఆర్టికల్ మొత్తం బ్యాటరీ గురించే. కాకపోతే దీని బరువు 400 కిలోలు, ఛార్జ్ చేసేది సరుగుడు కట్టెలతో, ఫుల్ అయ్యాక ఇచ్చేది పిజ్జా. పెరట్లో ఇటుకలతో కట్టుకునే కట్టెల ఓవెన్ అన్నమాట. తెనాలి, బాపట్ల, రేపల్లె వైపు పెరడు ఉన్న ఇళ్లు ఇంకా బాగానే ఉన్నాయి. దీనికి కావాల్సిన సామానులో చాలావరకు కూడా చుట్టుపక్కలే దొరుకుతుంది. మరి కట్టొచ్చా? ఫోన్‌ని చూసినట్టే దీన్ని కూడా స్పెక్స్‌తో మొదలుపెట్టి చూద్దాం.

ఓటీజీ ఉందిగా, ఇదెందుకు?

ఇంట్లో వాడే ఓటీజీలు ఎక్కువశాతం 250 డిగ్రీల దగ్గర ఆగిపోతాయి. నేపుల్స్ పిజ్జాకి యూరోపియన్ యూనియన్ 2010లో ఒక అధికారిక స్పెసిఫికేషన్ ఇచ్చింది. దాని ప్రకారం ఓవెన్ 485 డిగ్రీల సెల్సియస్‌కి చేరాలి, పిజ్జా 60 నుంచి 90 సెకన్లలో కాలిపోవాలి. 250కి 485 అంటే డబుల్ కూడా కాదు కదా అనిపిస్తుంది. కానీ ఇటుక గోడ నుంచి పిజ్జా మీద పడే రేడియేషన్ వేడి, కెల్విన్‌లో కొలిచిన ఉష్ణోగ్రతకి నాలుగో ఘాతంలో పెరుగుతుంది. ఇంటర్ ఫిజిక్స్‌లో చదివిన స్టీఫాన్-బోల్ట్జ్‌మన్ సూత్రమే ఇది. 523 కెల్విన్, 758 కెల్విన్ పెట్టి లెక్కేస్తే తేడా సుమారు 4.4 రెట్లు వస్తుంది. అందుకే ఓటీజీలో పది నిమిషాలు ఉంచిన పిజ్జా అప్పడంలా ఎండిపోతే, ఇక్కడ నిమిషంన్నరలో అంచులు పొంగి, లోపల మెత్తగా ఉంటుంది.

స్పెసిఫికేషన్లు

ఇంటి వాడకానికి ఈ సైజు సరిపోతుంది:

- లోపలి వ్యాసం: 80 సెం.మీ.
- గోపురం లోపలి ఎత్తు: 40 సెం.మీ.
- నోటి ఎత్తు: 25 సెం.మీ.
- గోపురం మందం: 11.5 సెం.మీ. (సగం ఇటుక)
- ఫైర్ బ్రిక్స్ (230×115×75 మి.మీ.): విరిగేవి కూడా కలుపుకుని 130 వరకు
- ఇన్సులేషన్: కనీసం 10 సెం.మీ.
- పొగ గొట్టం: 15 సెం.మీ. వ్యాసం

ఇందులో రెండు విషయాలు మార్చకండి. ఒకటి, నోటి ఎత్తు గోపురం ఎత్తులో 63 శాతం దగ్గర ఉండాలి. ఎక్కువైతే వేడి బయటికి పోతుంది, తక్కువైతే మంటకి గాలి ఆడదు. రెండు, పొగ గొట్టం గోపురం నెత్తిన పెట్టకూడదు, నోటికి ముందు పెట్టాలి. అప్పుడే వేడి గోపురమంతా చుట్టి, నోటి దగ్గరికొచ్చాక బయటికి వెళ్తుంది.

బ్యాటరీ కెపాసిటీ ఎంత?

ఈ కొలతలకి గోపురం, లోపలి నేల కలిపి ఇటుక బరువు 400 కిలోలు దాటుతుంది. 400 కిలోల ఇటుకని సగటున 350 డిగ్రీలు వేడెక్కించాలంటే దాదాపు 126 మెగాజౌళ్లు కావాలి. కరెంటు బిల్లు భాషలో 35 యూనిట్లు. 5000 ఎంఏహెచ్ ఫోన్ బ్యాటరీలు 1,800 వస్తే ఎంతో అంత!

ఆరిన కట్టె కిలోకి 15 మెగాజౌళ్ల దాకా ఇస్తుంది. లెక్కకి 8 కిలోల పైచిలుకు చాలు. కానీ వేడిలో ఎక్కువ భాగం పొగతో పాటే పోతుంది కాబట్టి 20 నుంచి 25 కిలోలు రెడీగా ఉంచుకోండి. ఇంకో మాట, దీనికి ఫాస్ట్ ఛార్జింగ్ లేదు. వేడి ఇటుక ఇవతలి నుంచి అవతలికి చేరడానికే రెండు మూడు గంటలు పడుతుంది. తొందరపడి ఒకేసారి పెద్ద మంట పెడితే ఇటుక పగులుతుంది.

డబ్బు పెట్టాల్సింది ఇక్కడే

వీడియోల్లో అందరూ చూపించేది బయట అతికించిన టైల్స్, మొజాయిక్. అది ఫోన్‌కి బ్యాక్ కవర్ లాంటిది. అసలు పనితనం ఇన్సులేషన్‌లో ఉంటుంది. నేను వేసిన లెక్క ప్రకారం ఇన్సులేషన్ లేని గోపురం వేడిగా ఉన్నప్పుడు 3 కిలోవాట్లకి పైగా బయటికి వదిలేస్తుంది. అంటే ఒక గీజర్ ఆన్‌లో పెట్టి మర్చిపోయినట్టు. 10 సెం.మీ. మంచి ఇన్సులేషన్ వేస్తే అది 600 వాట్ల దగ్గరికి దిగుతుంది. గీజర్ కాస్తా మిక్సీ అయిపోయింది.

సెరామిక్ ఫైబర్ బ్లాంకెట్ కొనుక్కుంటే పని సులువు. కానీ మనది వరి పండే డెల్టా. రైస్ మిల్లుల్లో ఊక కాల్చగా మిగిలే బూడిదలో 85 నుంచి 95 శాతం సిలికానే. తేలికగా ఉంటుంది, వేడిని సరిగా పోనివ్వదు. గోపురం చుట్టూ మామూలు ఎర్ర ఇటుకలతో ఇంకో గోడ కట్టి, మధ్యలో ఈ బూడిద నింపితే సరి. తెల్లగా లేదా లేత బూడిద రంగులో ఉన్నదే తీసుకోండి. నల్లగా ఉంటే అందులో కాలని కార్బన్ మిగిలినట్టు. బూడిదైనా బ్లాంకెట్ అయినా దుమ్ము ఊపిరితిత్తులకి మంచిది కాదు, ఎన్95 మాస్క్ లేకుండా ముట్టుకోవద్దు.

నేల కింద మాత్రం వదులు బూడిద పనికిరాదు, బరువుకి కుంగిపోతుంది. అక్కడ ఇన్సులేషన్ ఇటుకలే వేయాలి.

మీ ఊరిని బట్టి పునాది

ఓవెన్, గోడ, దిమ్మె అన్నీ కలిపితే బరువు టన్ను దాటుతుంది. తెనాలి, రేపల్లె వైపు బంకమట్టి నేలలు వానకి ఉబ్బుతాయి, ఎండకి నెర్రెలిస్తాయి. పైమట్టి తీసేసి, ఇసుక పోసి, నీళ్లు పెట్టి దిమ్మిస కొట్టాకే కాంక్రీట్ స్లాబ్ వేయండి. బాపట్ల సముద్రం వైపు ఇసుక నేలల్లో ఆ ఉబ్బే సమస్య లేదు కానీ అంచులు జారకుండా కట్టుదిట్టం కావాలి. మోర్టార్‌లోకి సముద్రపు ఇసుక అసలు వద్దు, అందులో ఉప్పు, గవ్వల పొడి ఉంటాయి. ఏటి ఇసుకే వాడండి.

మేస్త్రితో గొడవ వచ్చే చోటు

“సిమెంట్ లేకుండా కడితే నిలబడుద్దా బాబూ?” అని మేస్త్రి గారు అడుగుతారు. అడగడం న్యాయమే. కానీ గట్టిపడ్డ సిమెంట్‌లో ఉండే కాల్షియం హైడ్రాక్సైడ్ 400 డిగ్రీలు దాటాక విడిపోవడం మొదలవుతుంది. నాలుగైదు మంటలకే జాయింట్లు పొడిగా రాలతాయి. మంట తగిలే చోట ఫైర్‌క్లే మోర్టారే వాడాలి. స్లాబ్‌కి, బయటి గోడకి సిమెంట్ ఓకే.

గోపురం ఆకారానికి స్పెషల్ అచ్చు అక్కర్లేదు. నేల ఇటుకల మీద తడి ఇసుకతో అర్ధగోళం గుట్ట చేసి, పైన తడి న్యూస్‌పేపర్ పరిచి, దాని మీద ఇటుకలు పేర్చండి. మోర్టార్ గట్టిపడ్డాక నోట్లోంచి ఇసుక తీసేయండి. వినాయకుడి బొమ్మ చేసే ఓపిక చాలు.

మన మార్క్ యాడ్-ఆన్

ఈఎస్‌పీ32 బోర్డు, మ్యాక్స్6675 మాడ్యూల్, స్టీల్ తొడుగున్న కే-టైప్ థర్మోకపుల్. ఈ మూడూ ఉంటే ఓవెన్ ఉష్ణోగ్రత ఫోన్‌లో గ్రాఫ్‌గా చూడొచ్చు. ఈ చిప్ 0.25 డిగ్రీల తేడాతో 1024 డిగ్రీల వరకు చదువుతుంది. ప్రోబ్‌లు రెండు పెట్టండి. ఒకటి నేల ఇటుకలో పైనుంచి సెంటీమీటర్ లోతున, ఇంకోటి గోపురం బయటివైపు, ఇన్సులేషన్ కింద. రెండో గ్రాఫ్ పైకి లేచిందంటే ఛార్జ్ నిండుతోందని అర్థం. బోర్డు మాత్రం ఓవెన్‌కి దూరంగా నీడలో ఉండాలి. చిప్ 85 డిగ్రీలకి మించి తట్టుకోదు.

ఐఆర్ గన్ కొంటే దాని గరిష్ఠ రేంజ్ చూసి కొనండి, చౌక మోడళ్లు చాలా 400 లోపే ఆగిపోతాయి. ఇవేవీ లేకపోయినా సిగ్నల్ ఒకటుంది. మొదట మసితో నల్లబడ్డ గోపురం, వేడి సరిపడా ఎక్కాక మసి కాలిపోయి మళ్లీ తెల్లబడుతుంది. అప్పుడే నిప్పుని పక్కకి జరిపి, నేల ఊడ్చి, పిజ్జా పెట్టాలి.

మొదటి వారం ఓపిక పట్టాలి

కొత్త ఓవెన్‌లో చాలా నీరుంటుంది. అది ఒక్కసారిగా ఆవిరైతే పగుళ్లే. రోజుకో చిన్న మంట పెట్టండి: మొదటి రోజు 100 డిగ్రీలు, తర్వాత 150, 200, అలా వారం పాటు. ప్రతిసారీ కొన్ని గంటలు నిలకడగా ఉంచాలి.

పైకప్పు కూడా తప్పదు. 2023 డిసెంబర్ 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. తడిసిన బూడిద ఇన్సులేషన్‌గా పనిచేయదు. వానలు పోయాక మళ్లీ చిన్న మంటలతోనే మొదలుపెట్టండి.

ఆఫ్ బటన్ లేదు, గుర్తుంచుకోండి

మన పెరళ్లలో గడ్డివాము ఉంటుంది, తాటాకు పాక ఉంటుంది, పైన కరెంటు తీగలుంటాయి. ఎండాకాలం గాలికి ఒక్క నిప్పురవ్వ ఎగిరితే చాలు, పోయేది మన పాక ఒక్కటే కాదు, పక్కవాళ్లది కూడా. గడ్డివాము, పాక దగ్గర్లో ఉంటే ఈ ప్రాజెక్ట్ వద్దు, లేదా వాటిని ముందు తీసేయండి. గొట్టం మీద జాలీ, పక్కన నీళ్ల బకెట్లు, ఇసుక తప్పనిసరి. నాలుగువైపులా మూసిన షెడ్‌లో మంట పెట్టొద్దు, కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు. పొగ పక్కింటి కిటికీలోకి వెళ్తుందేమో కూడా ముందే చూసుకోండి. ఇంట్లో ఆస్తమా ఉన్న తాతయ్యో, చంటిపిల్లో ఉంటే ఈ మాట రెండుసార్లు ఆలోచించాలి.

కట్టెలుగా తీరం వైపు పెరిగే సరుగుడు బెస్ట్. తుమ్మ కూడా బాగుంటుంది. తేమ 20 శాతం లోపు ఉంటే పొగ తగ్గుతుంది. రంగు వేసిన చెక్క, ప్లైవుడ్ ముక్కలు ఎప్పుడూ వద్దు.

వెర్డిక్ట్

ప్లస్‌లు: 90 సెకన్ల పిజ్జా. నిప్పు తీసేశాక తలుపు పెడితే అదే వేడితో రొట్టె, కోడి, చివర్లో చిలగడదుంపలు.

మైనస్‌లు: రెండు మూడు గంటల వెయిటింగ్, పొగ, కదల్చలేం, నేర్చుకోడానికి టైమ్ పడుతుంది.

నెలకోసారి ఇద్దరికి పిజ్జా కావాలంటే దీని జోలికి పోవద్దు. 2012లో కిక్‌స్టార్టర్‌లో ‘ఊని’తో ఊపందుకున్న చిన్న పోర్టబుల్ ఓవెన్లు 15, 20 నిమిషాల్లో రెడీ అవుతాయి, మీకు అవే కరెక్ట్. పండక్కి పాతికమంది చేరే ఇల్లు, గడ్డివాము లేని పెరడు, వారం రోజులు ఆగే ఓపిక ఉంటే మాత్రం కట్టేయండి. బడ్జెట్ తగ్గించాల్సి వస్తే టైల్స్ తగ్గించండి, ఇన్సులేషన్ కాదు. ఇంకా స్లాబ్ వేయకముందే పెరట్లో గాలి ఎటు వీస్తుందో నాలుగు సాయంత్రాలు గమనించండి. ఓవెన్ నోరు ఎటు పెట్టాలో దాన్ని బట్టే తేలుతుంది.