బంతి ముట్టని ఆటగాడు

కొన్నేళ్ల కిందట తాడిమర్రిలో జరిగిన ఒక కబడ్డీ పోటీ గురించి మేము చిన్న వార్త రాసి పంపాము. ఆఖరి నిమిషంలో కూతకు వెళ్లి ఇద్దరిని అవుట్ చేసి వచ్చిన కుర్రవాడి పేరు అందులో ఉంది. అదే ఆటలో ఎడమ మూలన నిలబడి, అవతలి జట్టులోని బలమైన ఆటగాణ్ణి మూడుసార్లు చీలమండ పట్టి పడేసిన కుర్రవాడి పేరు లేదు. ఆ వారం జుమా నమాజ్ అయ్యాక మసీదు మెట్ల దగ్గర అతని తండ్రి మమ్మల్ని ఆపి, "మావాడు ఆడలేదా సాబ్?" అని అడిగారు. కోపంతో కాదు, నవ్వుతూనే అడిగారు. మా దగ్గర జవాబు లేకపోయింది.

అమెరికాలో ఇదే మూలన నిలబడే పనితో పదేళ్లు బతికిన ఒక ముస్లిం ఆటగాడి సంగతి తెలిసినప్పుడు ఆ ప్రశ్నే మళ్లీ గుర్తుకొచ్చింది. ఆయన పేరు రయాన్ హ్యారిస్.

ముందుగా ఆ ఆట గురించి కొంచెం చెప్పాలి. అమెరికావారు ఫుట్‌బాల్ అనేది మన ఫుట్‌బాల్ కాదు. బంతి రెండు కొసలూ మొనతేలి ఉంటుంది. దాన్ని చేత్తో పట్టుకుని పరుగెత్తాలి, లేదా ముందుకు విసరాలి. జట్టుకు పదకొండు మంది. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు జరిగితే మళ్లీ నాలుగు ప్రయత్నాలు దక్కుతాయి, లేకపోతే బంతి అవతలివారికి పోతుంది. బంతి విసిరే మొనగాణ్ణి క్వార్టర్‌బ్యాక్ అంటారు. పేరు, డబ్బు, ప్రకటనలు అన్నీ ముందు అతనికే. అతను నిలబడి ఎవరికి విసరాలో చూసుకోవడానికి రెండున్నర, మూడు సెకన్లు చాలు. అయితే ఆ మూడు సెకన్లు అతనికి ఎవరో ఒకరు సంపాదించి పెట్టాలి.

ఆ పని చేసేది అతని ముందు వరుసగా నిలబడే అయిదుగురు. నడుమ ఒక సెంటర్, అటూ ఇటూ ఇద్దరు గార్డులు, రెండు కొసల్లో ఇద్దరు టాకిళ్లు. దూసుకొచ్చే శత్రువును ఒంటితో అడ్డుకోవడమే వీరి ఉద్యోగం. సాధారణంగా ముందుకు విసిరిన బంతిని పట్టుకునే హక్కు కూడా వీరికి నియమాల ప్రకారం లేదు. ఎదుటివాణ్ణి నెట్టవచ్చు గాని చొక్కా పట్టి లాగకూడదు. లాగితే పది గజాల శిక్ష. రెఫరీ మైకులో తప్పు చేసినవాడి నంబరు చదువుతాడు. ఆ ఆటలో ఇలాంటివాడి ఊసు స్టేడియం అంతటా వినిపించేది తరచుగా అప్పుడే.

మన ధర్మవరం పట్టుచీర కొనేవారు జరీ చూస్తారు, అంచు చూస్తారు. మగ్గం మీద బిగిసి నిలిచిన పడుగును ఎవరు చూస్తారు? అది తెగితే మాత్రం నేతగాడు పని ఆపుతాడు. ఈ అయిదుగురూ ఆ పడుగు పోగులే.

హ్యారిస్ 1985లో పుట్టారు. మిన్నెసోటా రాష్ట్రంలోని సెయింట్ పాల్‌లో పెరిగారు. పాఠశాల వయసులోనే ఇస్లాం స్వీకరించారు. తర్వాత చదివింది నోటర్‌డామ్ విశ్వవిద్యాలయంలో. అది కేథలిక్కుల సంస్థ, ఫుట్‌బాల్‌కు పెట్టింది పేరు. ముస్లిం యువకుడు కేథలిక్ విద్యాలయం జట్టుకు ఏళ్ల తరబడి అడ్డుగోడగా నిలిచాడంటే మాకు ముచ్చటేసింది. మనిషి 6 అడుగుల 5 అంగుళాలు, బరువు 300 పౌండ్లు, అంటే సుమారు 136 కిలోలు. 2007లో డెన్వర్ బ్రాంకోస్ జట్టు ఆయన్ని మూడో రౌండులో, 70వ ఆటగాడిగా ఎంచుకుంది.

2008లో ఆయన కుడివైపు టాకిల్‌గా స్థిరపడ్డారు. ఆ సీజను 16 ఆటల్లో డెన్వర్ క్వార్టర్‌బ్యాక్‌లు బంతితో సహా కింద పడింది 12 సార్లు మాత్రమే. వరుస మొత్తానికీ అది గొప్ప లెక్క. అయితే దాన్ని అయిదు భాగాలు చేసి ఇది హ్యారిస్ వాటా అని చెప్పే పద్ధతి లేదు. పట్టుబడకపోవడమే వారి ఘనత. జరగనిదాన్ని ఏ పట్టికలో రాస్తారు?

ఆ మరుసటి ఏడాది నుంచి గాయాలు మొదలయ్యాయి. కాలివేలు, చీలమండ, ఆపైన వెన్ను. 2011లో ఫిలడెల్ఫియా జట్టు తీసుకుని, ఆట మొదలు కాకముందే వదిలేసింది. తిరిగి డెన్వర్, తర్వాత హ్యూస్టన్, 2014లో కాన్సాస్ సిటీ. ఎప్పుడు ఎవరు పిలుస్తారో, ఎప్పుడు పొమ్మంటారో తెలియని బతుకు. పత్తి మిల్లులో రోజుకూలీకి, లక్షల డాలర్ల ఆటగాడికి ఈ ఒక్క విషయంలో పెద్ద తేడా లేదనిపిస్తుంది.

కాన్సాస్ సిటీలో ఉన్నప్పుడు జరిగిన ఒక సంఘటన పాఠకులకు తెలిసే ఉండవచ్చు. 2014 సెప్టెంబర్ 29 రాత్రి ఆ జట్టులోని హుసేన్ అబ్దుల్లా, ఎదుటి జట్టు పెద్ద ఆటగాడు టామ్ బ్రేడీ విసిరిన బంతిని మధ్యలో అందుకుని గీత దాటి పరుగెత్తారు. ఆనందంతో మోకాళ్ల మీద జారి అల్లాహ్‌కు సజ్దా చేశారు. రెఫరీ దాన్ని అనుచిత ప్రవర్తనగా లెక్కగట్టి 15 గజాల శిక్ష వేశాడు. మరునాడు లీగ్ అధికారులే ఆ శిక్ష తప్పని ఒప్పుకున్నారు. ఈ అబ్దుల్లా సోదరుడితో కలిసి 2012 సీజనంతా ఆట మాని హజ్‌కు వెళ్లి వచ్చినవారు. లోకమంతా ఆ సజ్దా గురించి మాట్లాడింది.

హ్యారిస్ ఆ ఏడాది అదే జట్టులో టాకిల్. అబ్దుల్లాకు దొరికిన ఆ క్షణం హ్యారిస్‌కు దొరికే దారి దాదాపు లేదు. గీత దాటేది వేరేవారు, చప్పట్లు పడేది వేరేవారికి. టాకిల్ అప్పటికి ఎక్కడో ఇరవై గజాల వెనుక, మట్టిలోంచి లేస్తూ ఉంటాడు. అల్లాహ్‌కు కృతజ్ఞత చెప్పుకోవాలంటే లోపలే చెప్పుకోవాలి, టెలివిజన్‌కు దొరకదు. ఈ రెంటిలో ఏది గొప్ప అని మేము తీర్పు చెప్పబోవడం లేదు. రెండో దాని గురించి రాసేవారు తక్కువ, అంతే.

ఇలాంటివారు మనకూ లేకపోలేదు. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్య పతకం తెచ్చిన భారత ఫుట్‌బాల్ జట్టు కెప్టెన్ హైదరాబాదీ సయ్యద్ నయీముద్దీన్. ఆయన గోల్ కొట్టేవాడు కాదు, ఆపేవాడు. 1970లో అర్జున, 1990లో కోచ్‌గా ద్రోణాచార్య అవార్డులు వచ్చాయి. గోల్ కొట్టినవారి పేర్లు చెప్పగలిగే మన పెద్దలను నయీముద్దీన్ ఆపిన గోల్ ఒక్కటి చెప్పమని అడిగి చూడండి.

ఇంత రాశాక ఒక మాట దాచకూడదు. మన పిల్లలకు ఈ అమెరికన్ ఆట కావాలని మేము కోరుకోము. ప్రతి ప్రయత్నానికీ తలలు తాకే చోటు ఇదే. పిట్స్‌బర్గ్ స్టీలర్స్‌కు నాలుగు సూపర్ బౌల్‌లు గెలిపించిన సెంటర్ మైక్ వెబ్‌స్టర్ 2002లో యాభై ఏళ్లకే మరణించారు. బతికుండగా మతి చెదిరి, ఇల్లు లేక వాహనంలో పడుకున్న రోజులున్నాయి. నైజీరియా నుంచి వచ్చిన డాక్టర్ బెనెట్ ఒమలూ ఆయన మెదడును పరీక్షించి, పదేపదే తగిలిన దెబ్బల జబ్బును కనిపెట్టారు. ఆ ఆటగాళ్లలో ఆ జబ్బు తేలిన మొదటి మనిషి ముందువరుసవాడే.

2015 వేసవిలో డెన్వర్ ఎడమ టాకిల్ రయాన్ క్లాడీ మోకాలు దెబ్బతింది. అప్పుడు మళ్లీ హ్యారిస్‌ను పిలిచారు. ముందు కుడివైపు నిలబెట్టారు. సీజను మధ్యలో ఎడమవైపు కుర్రవాడు కూడా గాయపడితే అటు మార్చారు. కుడిచేత్తో విసిరే క్వార్టర్‌బ్యాక్‌కు ఎడమవైపు నుంచి వచ్చేవాడు కనిపించడు, అందుకే ఆ చోటు కీలకం. అక్కడ హ్యారిస్ వీపు కాయవలసింది 39 ఏళ్ల పేటన్ మానింగ్‌ను. ఆట చరిత్రలో పెద్ద పేరు, అప్పటికే ఒంట్లో సత్తువ తగ్గిన మనిషి. 2016 ఫిబ్రవరి 7న కాలిఫోర్నియాలోని శాంటా క్లారాలో 50వ సూపర్ బౌల్‌లో డెన్వర్ 24-10తో కరోలినాను ఓడించింది. మానింగ్‌కు అదే చివరి ఆట. ఉత్తమ ఆటగాడి బహుమతి వాన్ మిల్లర్‌కు వెళ్లింది. పాస్‌లు, పరుగులు, పాయింట్ల పట్టికల్లో హ్యారిస్ పేరు వెతికితే దొరకదు. మొదట బరిలో దిగినవారి జాబితాలో, ఎడమ టాకిల్ అన్నచోట మాత్రం ఉంటుంది.

2016లో పిట్స్‌బర్గ్‌కు కొద్ది ఆటలు ఆడి మళ్లీ గాయపడ్డారు. 2017లో ఆట మానేశారు. తర్వాత నోటర్‌డామ్ జట్టు ఆటలకు రేడియో వ్యాఖ్యాత అయ్యారు.

మా కబడ్డీ వార్తకు సవరణ వేయించాలని ఆనాడు అనుకున్నాము, వేయించలేదు. ఆ మూల కుర్రవాడు ఇప్పుడు ధర్మవరంలో మగ్గం పనిలో ఉన్నాడని విన్నాము. వచ్చే నెల అటు పోయినప్పుడు కలవాలి.