లోగన్: ఎక్కడం కన్నా చేరడమే కష్టమైన కొండ

కెనడా వాయవ్య మూలన, అలాస్కా సరిహద్దుకు దగ్గర్లో, యూకన్ ప్రాంతంలో ఉంది లోగన్ పర్వతం. ఎత్తు 5,959 మీటర్లు. కెనడాలో ఇంతకన్నా ఎత్తయిన కొండ లేదు; ఉత్తర అమెరికాలో దీన్ని మించింది డెనాలి ఒక్కటే. హిమాలయాలతో పోలిస్తే ఇది పెద్ద ఎత్తేమీ కాదు. లోగన్ ప్రత్యేకత దాని వైశాల్యం, దూరం. 5,000 మీటర్లు దాటిన శిఖరాలు ఈ ఒక్క కొండ మీదే పదకొండు ఉన్నాయి. పైభాగం సూదిమొనలా ఉండదు; సుమారు 20 కిలోమీటర్ల పొడవున మంచు మైదానం పరుచుకుని ఉంటుంది. చుట్టూ ఎటు చూసినా హిమానీనదాలే.

సముద్రం మీంచి వచ్చేవారికి తీరానికి దగ్గరగా ఉన్న సెయింట్ ఎలియాస్ శిఖరమే కనిపించేది. దాని వెనక లోగన్ ఉందని 1890లో అమెరికన్ భూగర్భ శాస్త్రవేత్త ఇజ్రాయెల్ రసెల్ గుర్తించాడు. కెనడా భూగర్భ సర్వేను స్థాపించిన విలియం లోగన్ పేరు దానికి పెట్టాడు. సెయింట్ ఎలియాస్‌ను 1897లోనే ఇటలీకి చెందిన అబ్రూజీ డ్యూక్ బృందం ఎక్కేసింది. లోగన్ వంతు రావడానికి మరో 28 ఏళ్లు పట్టింది.

ఆ పని కెనడా ఆల్పైన్ క్లబ్ తలకెత్తుకుంది. నాయకుడు ఆల్బర్ట్ మెకార్తీ 1924లో వెళ్లి దారి చూసుకొచ్చాడు. నిజమైన యాత్ర 1925 చలికాలంలోనే మొదలైందనాలి. గడ్డకట్టిన నదుల మీదుగా గుర్రాలతో, కుక్కల బళ్లతో టన్నులకొద్దీ తిండి, సరంజామా లాగించి ముందే దారి పొడవునా నిల్వ చేశారు. మే నెలలో అలాస్కాలోని మెకార్తీ అనే ఊరి నుంచి బృందం కాలినడకన బయలుదేరింది. (ఊరికీ నాయకుడికీ పేరు కలిసిందే తప్ప సంబంధం లేదు.) జూన్ 23 సాయంత్రం ఆరుగురు పైకి చేరారు. ముందు ఒక శిఖరమెక్కి, అదే చివరిదనుకున్నారు. తీరా చూస్తే ఇంకా ఎత్తయినది అవతల కనిపించింది. దిగి, మళ్లీ ఎక్కారు. వెనక్కి వస్తుండగా తుఫాను పట్టుకోవడంతో మంచులో గుంతలు తవ్వుకుని రాత్రి గడిపారు. ఊరికి చేరే దారిలో తెప్పలు కట్టుకుని చిటినా నది మీద ప్రయాణించారు.

ఆ ఆరుగురిలో ఒకడైన నార్మన్ రీడ్ 1950లో స్విట్జర్లాండ్‌కు చెందిన ఆండ్రే రోష్‌తో కలిసి శిఖరానికి మళ్లీ వెళ్లాడు. 1965లో మరో ఆరుగురు దక్షిణాన కత్తి అంచులాంటి హమ్మింగ్‌బర్డ్ గట్టు మీదుగా నెలకు పైగా శ్రమించి ఎక్కారు. 1987లో ఆ గట్టు మీదే డేవ్ చీజ్‌మండ్, కేథరిన్ ఫ్రీర్ ప్రాణాలు కోల్పోయారు.

ఇప్పుడు చలికాలపు రవాణా అక్కర్లేదు. క్లుయేన్ సరస్సు దగ్గర చిన్న విమానం ఎక్కితే అది హిమానీనదం మీద దింపుతుంది. ఎక్కువమంది పడమటి వైపు కింగ్ ట్రెంచ్ దారి పడతారు. ఆ దారి నిటారుగా ఉండదు, తాళ్లతో పెద్ద పని పడదు. అయినా తేలిక అనుకోకూడదు. దాదాపు 5,500 మీటర్ల దగ్గర కనుమ దాటి, పీఠభూమిలోకి దిగి, అక్కడి నుంచి శిఖరానికి పోవాలి. అంటే వాతావరణం చెడితే తప్పించుకోవడానికి కూడా ముందు పైకే ఎక్కాలి. అలసిన మనిషికి, పలచని గాలిలో, అది ప్రాణాల మీదికి రావచ్చు. 1991 మేలో ఈ కొండ మీద మైనస్ 77.5 డిగ్రీల చలి నమోదైందని చెబుతారు.

2000లో మాజీ ప్రధాని పియెర్ ట్రూడో మరణించాక ఈ కొండకు ఆయన పేరు పెట్టాలని ప్రభుత్వం ఆలోచించింది. యూకన్ జనం, పర్వతారోహకులు ఒప్పుకోలేదు. చివరకు ఆయన పేరు 2006లో బ్రిటిష్ కొలంబియాలోని మరో శిఖరానికి దక్కింది.

ఈ మధ్య లోగన్‌కు వెళ్లేవారిలో శాస్త్రవేత్తలూ ఉన్నారు. పీఠభూమి మీద వేసవిలోనూ మంచు పెద్దగా కరగదు కాబట్టి ఏ ఏటి పొర ఆ ఏటి గాలినీ, ధూళినీ దాచుకుంటుంది. 2022లో అలిసన్ క్రిసిటియెల్లో బృందం అక్కడ 327 మీటర్ల లోతు దాకా మంచును తవ్వి తీసింది. ఆ మంచు వేల ఏళ్ల వాతావరణాన్ని అధ్యయనం చేయడానికి ఉపయోగపడుతోంది.