చూసి వచ్చిన తోట, చేసుకొన్న తొట్టి



ఈ పూట మిమ్మల్ని పొలానికి కాక పట్నానికి తీసుకొని పోదామనుకొంటున్నాను. హైదరాబాదులో ఎర్రగడ్డ అనే పేట ఉన్నది. అనంతపురం, చిత్తూరు వైపు వారికి ఎర్రగడ్డ అంటే ఉల్లిపాయ. వారు నవ్వుకోవద్దు, ఇక్కడ ఇది ఊరి పేరు. కూరగాయలు తెచ్చి అమ్ముకొనే మీలో కొందరికి ఎర్రగడ్డ రైతుబజారు కొత్త కాదు. 2017 నవంబరు నుంచి మెట్రో రైలు కూడా అక్కడ ఆగుతున్నది. అక్కడి నుంచి యూసుఫ్‌గూడ మీదుగా పోతే జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్, అంటే సినిమావారి ఇళ్ళు, స్టూడియోలు. జాగా ఉన్నవాడు బంగళా చుట్టూ తోట వేస్తాడు. ఎర్రగడ్డలో జాగా లేనివాడు డాబా మీద వేస్తాడు. నేను చెప్పబోయేది ఆ డాబా తోటల మాట.

ఆ డాబా తోటలవారిలో కొందరికి ఒక మంచి అలవాటు ఉన్నది. ఒక ఆదివారం పూట ఇంటి తలుపు తీసిపెట్టి, "రండి, మా తోట చూడండి" అంటారు. వచ్చినవాళ్ళు చూస్తారు, అడుగుతారు, గుప్పెడు బీరగింజలు ఇచ్చి గుప్పెడు చిక్కుడు గింజలు తీసుకొంటారు. ఇంగ్లండులో ఈ పని 1927 నుంచి ఒక పద్ధతిగా జరుగుతున్నది. ఇళ్ళకు పోయి రోగులను చూసే నర్సుల కోసం నిధి కావలసి, తోటలున్నవారు మనిషికి ఒక షిల్లింగు పుచ్చుకొని జనాన్ని లోనికి రానిచ్చారు. ఆ మొదటి ఏడే 609 తోటలు తెరిచారు. ఈనాటికీ తెరుస్తున్నారు. మన దగ్గర షిల్లింగు లేదు, టీ నీళ్ళు ఎదురిస్తారు.

నా తోటి విస్తరణ సిబ్బందికి ఒక మాట. మనం దీన్ని వేడుక అనుకోరాదు. ఇది ప్రదర్శన క్షేత్రమే. 1903లో అమెరికాలో టెక్సాసు రాష్ట్రం టెర్రెల్ అనే ఊరి దగ్గర సీమన్ న్యాప్ అనే ఆయన సర్కారు తోటలో కాకుండా ఒక రైతు పొలంలోనే కొత్త పద్ధతులు వేయించి చూపించాడు. తనవంటివాడు తన చేత్తో చేసినది చూస్తే రైతుకు నమ్మకం కుదురుతుందని ఆయన పట్టుకొన్నాడు. డాబా తోట తెరిచిన ఇల్లాలు చేస్తున్నదీ అదే పని, ఆమెకు జీతం లేదు, అంతే తేడా. అందుకే మా మండలం నుంచి ఒక వ్యానులో పద్నాలుగు మందిని, ఎక్కువమంది ఆడవాళ్ళే, ఎర్రగడ్డలో ఒక ఇంటికి తీసుకుపోయాను.

తోట చూడబోయేటప్పుడు పూలకేసి చూసి రావద్దు. తొట్టి కిందికి చూడండి. నీళ్ళు ఎటు పోతున్నవి? డాబా మీద చెమ్మ ఉన్నదా? ముదురాకు ఏ రంగు, లేతాకు ఏ రంగు? ఇంటివారిని, "ఏది బాగా పెరిగింది?" అని కాదు, "ఏది చచ్చింది?" అని అడగండి. అసలు పాఠం అక్కడ దొరుకుతుంది. అడగకుండా కొమ్మ తుంచకూడదు. ఇచ్చిన కొమ్మను తెచ్చి నేరుగా మన మొక్కల మధ్య పెట్టకూడదు. 2008లో కోయంబత్తూరు ప్రాంతంలో కనిపించిన బొప్పాయి పిండినల్లి తరువాత దక్షిణాది రాష్ట్రాలకు పాకి బొప్పాయి, మల్బరీ, మందార తోటలను పీల్చివేసింది. 2010లో దాని మీద బ్రతికే పరాన్నజీవి పురుగును విదేశం నుంచి తెప్పించి వదిలిన తరువాతగాని అదుపులోకి రాలేదు. అటువంటి పురుగు ఒక కొమ్మ మీద కూర్చొని చక్కగా బస్సెక్కి వస్తుంది. తెచ్చిన మొక్కను పదిహేను రోజులు విడిగా ఉంచి, ఆకు అడుగున చూసి, ఆ తరువాతనే కలపండి.

ఇక ఆ ఇంటి తోటలో మావాళ్ళను ఆపేసినవి మొక్కలు కావు, సిమెంటు తొట్లు. వెదురు గంప అచ్చు పడి అల్లిక కనిపించే తొట్టి, చామాకు ఆకారంలో పిట్టలు నీళ్ళు తాగే పళ్ళెం, పగిలిన పింగాణీ ముక్కలు అద్దిన తులసికోట. అన్నీ ఇంటివారు తమ చేతులతో చేసినవే. మావాళ్ళలో ఒకామె, "గిది కొన్నది కాదా!" అని మూడుసార్లు అడిగింది.

పగిలిన పింగాణీ అంటే గుర్తుకు వచ్చింది. చండీగఢ్‌లో నేక్‌చంద్ అని రోడ్ల ఇన్‌స్పెక్టరు ఉండేవాడు. 1957లో మొదలుపెట్టి, కూలగొట్టిన ఇళ్ళ రాళ్ళు, పగిలిన గాజులు, పింగాణీ ముక్కలు పోగుచేసి, సిమెంటుతో బొమ్మలు చేసి, ఎవరికీ చెప్పకుండా అడవిజాగాలో ఒక తోటే కట్టాడు. 1976లో దాన్ని జనానికి తెరిచారు, 1984లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు. ఆయన 2015లో పోయాడు, రాక్ గార్డెన్ నిలిచి ఉన్నది. అంతకు చాలా ముందు, 1867లో, ఫ్రాన్సులో జోసెఫ్ మోనియే అనే తోటమాలి మొక్కల తొట్లు పగిలిపోతున్నవని సిమెంటులో ఇనుప జాలీ పెట్టి పోసే పద్ధతికి హక్కు పొందాడు. వంతెనలకూ మేడలకూ వాడే ఇనుప కాంక్రీటు ఎదగడానికి ఆ పూలతొట్టి ఒక ముఖ్యమైన మెట్టు. మన తోటమాలులు ఈ సంగతి కాస్త గర్వంగా చెప్పుకోవచ్చు.

ఇప్పుడు నేను చేసిన తప్పు చెప్పాలి. తిరిగి వచ్చిన వారానికే మా ఊరి పెద్దమ్మ ఒకామె ఇంట్లో తొట్టి చేయించాను. రెండో రోజు అచ్చు ఊడదీశాము. గట్టిగా ఉన్నది. నాలుగో రోజున అందులో మట్టి నింపి, ఆమె కొడుకు తెచ్చిన నూరువరహాల మొక్కను నాటించాను. ఆ మొక్క ఆమెకు దేవుడి పూలకు. నెల తిరిగేసరికి లేతాకులు పసుపుపచ్చగా, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా తయారైనవి. నేను ఇనుము లోపమని చెప్పి అన్నభేది చల్లించాను. గుణం లేదు. పెద్దమ్మ చివరికి, "బిడ్డా, గీ తొట్టే చెట్టును తింటున్నది" అన్నది. డిప్లొమా చదివిన నాకు తెలియనిది ఆమెకు తెలిసింది.

సంగతి ఏమంటే, పచ్చి సిమెంటులో సున్నపు క్షారం ఉంటుంది. ఉదజని సూచిక, అంటే పి.హెచ్., 12, 13 దాకా పోతుంది. చాలా మొక్కలు 6, 7 మధ్య హాయిగా ఉంటవి. క్షారం ఎక్కువైన చోట మట్టిలో ఇనుము ఉన్నా వేరు దాన్ని తీసుకోలేదు. నూరువరహాలకు, కరివేపకు ఈ బాధ మరీ ఎక్కువ. అన్నభేది వేసినా ఆ క్షారంలో అది కూడా బిగుసుకుపోతుంది. కాబట్టి జబ్బు ఆకులో కనిపించినా మందు వేయవలసినది తొట్టికి. మొక్కను తీసి కుండీలోకి మార్చాము. తొట్టిని ఖాళీ చేసి, నీళ్ళు నిండా పోసి నిలవ పెట్టి, మూడు రోజులకొకసారి పారబోసి మళ్ళీ నింపాము. అట్లా మూడు వారాలు. పెద్దమ్మ ఆ మూడు వారాలూ నన్ను ఒక్క మాట అనలేదు. దానికే నాకు ఎక్కువ బాధ కలిగింది.

సరే, తొట్టి చేసే విధానం చెబుతాను. ఒక పాలు సిమెంటు, రెండు పాళ్ళు ఇసుక. ఇసుక మంచిదో కాదో చూడడానికి గాజు సీసాలో సగం ఇసుక, పైన నీళ్ళు పోసి, కుదిపి, ఒక పూట కదలకుండా పెట్టండి. పైన ఒండ్రు పొర తేరుతుంది. పది పాళ్ళ ఇసుకకు ఒక పాలుకు దగ్గరగా ఒండ్రు తేరితే ఇసుకను కడిగి వాడండి. సముద్రపు ఒడ్డు ఇసుక అసలే వద్దు. అందులోని ఉప్పు జాలీని తింటుంది. నీళ్ళు తక్కువ పోయాలి. అందరూ తప్పుచేసేది ఇక్కడే. కలిపిన ముద్దను పిడికిట్లో పిండితే ఉండ నిలవాలి, వేళ్ళ మధ్య నుంచి ఒకటి రెండు చుక్కలు రావాలి, కారిపోకూడదు. చేతికి రబ్బరు తొడుగు లేకుండా తాకవద్దు, సిమెంటు చర్మాన్ని కాలుస్తుంది. బస్తా విప్పి పొడి కలిపేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి.

అచ్చుకు పెద్ద ఖర్చు లేదు. తడి ఇసుకను బోర్లించిన తొట్టి ఆకారంలో కుప్ప చేసి, పైన పాలిథీన్ కాగితం పరిచి, దాని మీద ముద్దను అంగుళమున్నర మందాన మెత్తండి. సగం మందం వేసిన తరువాత కోళ్ళ జాలీ పరిచి మిగతా సగం వేయాలి. జాలీ ఎక్కడా బయటకి కనబడరాదు, కనబడితే తుప్పు పట్టి తొట్టి చీలుతుంది. అడుగున రెండు మూడు చోట్ల బొటనవేలు మందం పుల్లలు గుచ్చి ఉంచితే చిల్లులు పడతవి. అల్లిక అచ్చు కావాలంటే పాత గంపకు లోపల సబ్బు నురుగు పూసి, లోపలి వైపున మెత్తండి. ఎర్రగడ్డలో ఆదివారం పాత సామాన్ల అంగడి సాగుతుంది, అచ్చులకు పనికివచ్చే బేసిన్లు, అద్దడానికి పగిలిన పింగాణీ అటువంటి చోట చవకగా దొరుకుతవి. సినిమా సెట్ల మీద రాతి స్తంభాలు, విగ్రహాలు చూసి మోజుపడవద్దు. అవి చాలావరకు ప్లాస్టరు, థర్మోకోలు. కెమెరా ముందు రాయిగా ఉంటవి, ఒక వానకు ముద్దవుతవి.

మెత్తిన తరువాత తడి గోనె కప్పి నీడన ఉంచండి. రెండు రోజులకు ఇసుక తీసేయవచ్చు. కాని గోనె మీద నీళ్ళు చల్లడం పది రోజులకు తగ్గకూడదు. ఎండలో పెట్టి త్వరగా ఆరబెట్టితే బాగుంటుందని చాలామంది అనుకొంటారు. సిమెంటు ఎండినందువల్ల గట్టిపడదు, నీటితో కలిసి గట్టిపడుతుంది. నీరు ఆరిపోతే ఆ పని సగంలో ఆగుతుంది. ఆ తరువాత మూడు వారాల నానబెట్టుడు. మొత్తం నెల పైన. ఆగలేనివారు మొదట అడీనియం, నాచు పూలు, ముళ్ళజెముడు వంటి మొండి మొక్కలు పెట్టుకోవచ్చు. నూరువరహాలను మాత్రం ఆ నెల గడిచిందాకా పక్కన ఉంచండి.

చామాకు పళ్ళెం ఇంకా సులువు, పిల్లలు కూడా చేస్తారు. తడి ఇసుక గుట్ట మీద కాగితం పరిచి, ఆకును ఈనెల వైపు పైకి వచ్చేటట్టు బోర్లించి, మధ్యలో అంగుళం, అంచున అర అంగుళం మందాన ముద్ద మెత్తండి. రెండు రోజులకు తిరగేసి ఆకు ఒలిస్తే ప్రతి ఈనె అచ్చుపడి ఉంటుంది. టేకాకు, గుమ్మడాకు కూడా పనికివస్తవి. పిట్టలకు నీళ్ళు పెట్టినప్పుడు వారానికి ఒకసారి తప్పక పారబోసి, తోమి, ఆరబెట్టాలి. లేకపోతే పిట్టల కన్నా ముందు డెంగ్యూ దోమ వస్తుంది.

ఒక్క సంగతి మిగిలింది, అది బరువు. రెండడుగుల వెడల్పు, అడుగున్నర ఎత్తు ఉన్న గుండ్రటి తొట్టి ఉత్తదే 90 కిలోలు తూగుతుంది. తడిమట్టి 135 కిలోలు. మొత్తం 225. జనం తిరిగే మామూలు ఇంటి డాబాకు చదరపు మీటరుకు 150 కిలోల అదనపు బరువు లెక్క వేసి కడతారు. అంటే చదరపు మీటరున్నర జాగాకు ఇటువంటి తొట్టి ఒక్కటి పెడితేనే ఆ లెక్క చెల్లిపోయింది. ఇక మనుషులు ఎక్కడ నిలబడాలి? ఎర్రగడ్డ ఇంటివారు పెద్ద తొట్లన్నీ గోడలు, దూలాలు ఉన్న చోటనే పెట్టారు. మధ్యలో చిన్న సంచులు మాత్రమే. పాత ఇల్లయితే ఎక్కించే ముందు కట్టుబడి తెలిసిన ఇంజనీరును అడగండి, మొహమాటపడవద్దు. డాబా మీదికే కావాలనుకొంటే ఇసుకకు బదులు ఒకటిన్నర పాళ్ళు కొబ్బరిపొట్టు, ఒకటిన్నర పాళ్ళు పెర్లైటు, ఒక పాలు సిమెంటు కలిపి చేయండి. బరువు బాగా తగ్గుతుంది, రాయిలాగా గరుకుగా చూడముచ్చటగా కూడా ఉంటుంది. పల్లెలో నేల మీద పెట్టుకొనేవారికి ఈ బాధ లేదు, కింద మూడు ఇటుక ముక్కలు పెట్టి నీరు పోయే దారి చూస్తే చాలు.

పెద్దమ్మ నూరువరహాలు మళ్ళీ తొట్టిలోకి చేరినవి. పైన వచ్చిన నాలుగు ఆకులు పచ్చగానే ఉన్నవి, కిందివి ఇంకా పసుపే. వచ్చే నెల రెండో ఆదివారం ఆమె తన పెరడు తలుపు తీసిపెడతానన్నది. మా మండలంవారు రావచ్చు. వచ్చేటప్పుడు కాగితపు పొట్లంలో ఏవైనా విత్తనాలు తెండి. తొట్టిలో వేయవలసిన మట్టి, ఎరువు పాళ్ళు మరొకసారి చెప్పుకొందాం. సెలవు.