తుప్పు పట్టిన జీపును బాగుచేయాలంటే

పాత జీపుకు అసలు శత్రువు తుప్పు. ఇంజన్ ఎంత పాడైనా విప్పి బాగుచేయొచ్చు, కాదంటే మరొకటి తెచ్చి బిగించొచ్చు. ఛాసిస్‌ను తుప్పు తినేస్తే మాత్రం బండి పోయినట్టే.

రెండో ప్రపంచ యుద్ధకాలంలో విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు 6 లక్షలకు పైగా జీపులు తయారుచేశాయి. 1947 నుంచి మహీంద్రా సంస్థ విల్లీస్ జీపులను మన దేశానికి తెచ్చింది. ఆ తర్వాత ఇక్కడే తయారైన సీజే-3బీ, 2112 సీసీ ప్యూజో డీజిల్ ఇంజన్‌తో వచ్చిన ఎంఎం 540 ప్రభుత్వాఫీసుల్లో దశాబ్దాలపాటు తిరిగాయి. వేలంలో అమ్ముడై ఇళ్లకు చేరినవి ఎన్నో.

హైదరాబాద్‌లోని చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ ప్రాంతంలో ఇలాంటి బండికి ముప్పు ఎక్కువ. హుస్సేన్‌సాగర్ మిగులు నీటి నాలా అశోక్‌నగర్ మీదుగానే మూసీకి పోతుంది. 2000 ఆగస్టులో నగరంలో ఒక్కరోజే 24 సెంటీమీటర్ల వాన పడినప్పుడు దాని పక్క పల్లపు వీధులు మునిగాయి. సెల్లార్‌లో చేరిన మురుగునీరు తీసినా, ఛాసిస్ సందుల్లో దిగిన బురద అక్కడే ఉండిపోతుంది. ఆ తేమలోనే ఇనుము, ఆక్సిజన్ కలిసి తుప్పవుతాయి. తుప్పు ఇనుము కన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి పైనున్న రంగు ఉబ్బి పెచ్చులుగా లేస్తుంది.

అందుకే పరీక్ష అడుగు నుంచి మొదలవ్వాలి. మ్యాట్లు తీసి ఫ్లోరు చూడాలి. ఛాసిస్ మీద చిన్న సుత్తితో తడుతూ పోవాలి. ఖంగుమంటే ఇనుము గట్టిగా ఉన్నట్టు. మొద్దుగా పలికిన చోట స్క్రూడ్రైవర్‌తో గుచ్చితే ఒక్కోసారి మొన లోపలికే దిగిపోతుంది. కుళ్లిన భాగాన్ని గట్టి ఇనుము వచ్చేదాకా కోసి, కొత్త రేకు వెల్డింగ్ చేయించాలి. పైన పుట్టీ పూసి రంగేస్తే ఒకటి రెండు వానాకాలాలకే తుప్పు మళ్లీ బయటపడుతుంది. టింకరింగ్ పనిలో జరిగే పెద్ద మోసం ఇదే. పైపై తుప్పుకు ఎమరీ కాగితం, ఫాస్ఫారిక్ ఆమ్లం ఉన్న ద్రావణం, వెంటనే ప్రైమర్ సరిపోతాయి.

ఏళ్ల తరబడి కదలని ఇంజన్‌ను సెల్ఫ్ కొట్టి తిప్పకూడదు. పెట్రోల్ బండైతే ప్లగ్గులు విప్పి, సిలిండర్లలో కాస్త ఇంజన్ ఆయిల్ పోసి, కొన్ని రోజులు నాననిచ్చి, హ్యాండిల్‌తో మెల్లగా తిప్పాలి. గేర్ ఆయిల్ చాయ్ రంగులో ఉంటే లోపలికి నీళ్లు వెళ్లినట్టు. పాత పెట్రోల్ ట్యాంకును శుభ్రం చేయకుండా వెల్డింగ్ చేయించడం ప్రాణాంతకం.

బ్రేకుల విషయంలో రాజీ పనికిరాదు. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, దాంతో వీల్ సిలిండర్లు లోపలే తుప్పు పడతాయి. సిలిండర్లు, గొట్టాలు అన్నీ కొత్తవి వేయించడం మంచిది. వెడల్పు టైర్లు, మెరిసే బంపర్ల మీద పెట్టే డబ్బు ముందు ఇక్కడ పెట్టాలి.

50 ఏళ్లు దాటి, అసలు రూపంలోనే ఉన్న బండిని 2021 నిబంధనల ప్రకారం వింటేజ్ వాహనంగా రిజిస్టర్ చేయించుకోవచ్చు. నంబరులో ‘వీఏ’ అక్షరాలు వస్తాయి, రిజిస్ట్రేషన్ 10 ఏళ్లు చెల్లుతుంది. రోజువారీ తిరుగుడుకు మాత్రం అనుమతి ఉండదు. ఏ బండికైనా ఛాసిస్ మీది నంబరు ఆర్‌సీతో సరిపోవాలి. పని మొదలుపెట్టే ముందే ఆ నంబరును ఫొటో తీసి పెట్టుకోండి. తుప్పు వదిలించేటప్పుడు ఆ చోట గ్రైండర్ పెట్టనివ్వకండి.