మీకు తెలుసా? గాలి సోకకూడని అతుకు

● భీమిలి తీరంలోనూ శ్రీకాకుళం తీరంలోనూ ఇసుక దోసిట్లోకి తీసుకుంటే నల్లటి రేణువులు కనిపిస్తాయి. వాటిలో ఇల్మనైట్ ఉంటుంది. రేసు బైకుల సైలెన్సర్లకు వాడే టైటానియం పుట్టిల్లు అదే. భూమి పైపొరలో ఎక్కువగా దొరికే మూలకాల్లో టైటానియంది తొమ్మిదో స్థానం. రాగి, సీసం దీనికంటే చాలా అరుదు. అయినా టైటానియం గొట్టం ధర వింటే గుండె ఝల్లుమంటుంది. కారణం, పట్టుకున్న ఆక్సిజన్‌ను అది ఓ పట్టాన వదలదు.

ఇనుప ఖనిజాన్ని బొగ్గుతో కలిపి కొలిమిలో కాలిస్తే ఇనుము విడివడుతుంది. టైటానియం అలా లొంగదు, ఆ బొగ్గుతోనే కలిసిపోయి కార్బైడ్‌గా మారుతుంది. అందుకని ముందు క్లోరిన్‌తో కలిపి ద్రవంగా మారుస్తారు. తర్వాత గాలి చొరబడని పాత్రలో ఆర్గాన్ అనే జడవాయువు నింపి, కరిగిన మెగ్నీషియంతో ఆ క్లోరిన్‌ను లాగేయిస్తారు. లక్సెంబర్గ్‌కు చెందిన విలియం క్రోల్ కనిపెట్టిన పద్ధతి ఇది, 1940లో పేటెంట్ వచ్చింది. చివరికి మిగిలేది చిల్లులు చిల్లులుగా ఉండే ముద్ద. దాన్ని స్పాంజి అంటారు. కేరళలోని చవరలో స్పాంజి తయారయ్యే ప్లాంటుకు సాంకేతికత ఇచ్చింది హైదరాబాద్‌లోని రక్షణ లోహ పరిశోధనాలయం, డీఎంఆర్ఎల్.

● మన గోడల రంగులో తెల్లదనం కూడా దీనిదే. తవ్విన ఖనిజంలో ఎక్కువ భాగం లోహం దాకా రాదు. టైటానియం డయాక్సైడ్ అనే తెల్లపొడిగా మారి రంగుల డబ్బాల్లోకి పోతుంది. ఆ తెల్లపొడిని గుర్తుంచుకోండి, వెల్డింగ్ దగ్గర మళ్లీ కనిపిస్తుంది.

● రెండంగుళాల వ్యాసం, 1.2 మిల్లీమీటర్ల మందం ఉన్న గొట్టాన్ని మీటరు పొడవు తీసుకుందాం. స్టెయిన్‌లెస్ స్టీలుదైతే సుమారు 1,480 గ్రాములు తూగుతుంది. టైటానియందైతే 840 గ్రాములే.

● కొనేటప్పుడు గొట్టం టైటానియమో కాదో అయస్కాంతం పెట్టి చూస్తే తేలదు. టైటానియం అయస్కాంతానికి అంటుకోదు, మామూలు 304 రకం స్టెయిన్‌లెస్ కూడా దాదాపు అంతే. గ్రైండర్‌కు ఆనిస్తే మాత్రం టైటానియం కళ్లు జిగేల్మనేంత తెల్లటి నిప్పురవ్వలు చిమ్ముతుంది. అది టైటానియమేనని అలా తెలిసినా, ఏ గ్రేడో చెప్పేది మిల్లు ఇచ్చే పరీక్ష పత్రమే. ఎగ్జాస్ట్‌కు ఎక్కువగా వాడేది గ్రేడ్ 2, అంటే దాదాపు స్వచ్ఛమైన టైటానియం. 3 శాతం అల్యూమినియం, 2.5 శాతం వెనేడియం కలిపితే గ్రేడ్ 9. విమానాల్లో ప్రసిద్ధమైన 6–4 మిశ్రమంలోని పాళ్లలో ఇవి సుమారు సగం కాబట్టి దాన్ని హాఫ్ అల్లాయ్ అని పిలుస్తారు. హైదరాబాద్‌లోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ ఆ రకం గొట్టాలనూ తయారు చేసింది.

● అతకడానికి కావలసింది మన ఊళ్లలో ఆర్గాన్ వెల్డింగ్ అని పిలిచే టిగ్ పద్ధతే. స్టీలు మీద చెయ్యి తిరిగినవాళ్లు కూడా ఇక్కడ కొత్తగా నేర్చుకోవాల్సిందే. టైటానియం 1,668 డిగ్రీల దగ్గర కరుగుతుంది. అక్కడి నుంచి సుమారు 400 డిగ్రీల కిందికి చల్లారేదాకా ఆక్సిజన్‌నూ నైట్రోజన్‌నూ ఆబగా పీల్చుకుంటుంది. పీల్చిన చోట గాజులా పెళుసెక్కుతుంది. ఇంజిన్ వణుకుకు ఆ అతుకు ఎక్కువ కాలం నిలవదు.

కాబట్టి గొట్టం బయటే కాదు, లోపల కూడా ఆర్గాన్ నింపాలి. ఆర్గాన్ గాలికంటే బరువు. అందుకే గొట్టం రెండు చివరలూ మూసి, కింది నుంచి వాయువు పంపి, పైన చిన్న రంధ్రం వదులుతారు. అడుగు నుంచి బావి నిండినట్టు ఆర్గాన్ నిండుతూ గాలిని పైకి తోసేస్తుంది. వెల్డింగ్ టార్చికి వెడల్పాటి కప్పు బిగిస్తారు. ఆర్క్ ఆపిన వెంటనే చెయ్యి తీసేయకూడదు. అతుకు చల్లారేదాకా టార్చిని అక్కడే పట్టుకుని వాయువు కురిపిస్తూనే ఉండాలి. ఈ పనిలో ఓపికకు అసలు పరీక్ష ఆ కొన్ని సెకన్లేనని నాకనిపిస్తుంది. ఫిల్లర్ రాడ్ వేడి కొస పొరపాటున ఆర్గాన్ నీడలోంచి బయటికొచ్చి రంగు మారితే, ఆ కొసను కత్తిరించి పారేసి మళ్లీ మొదలుపెడతారు.

● అతుకు తన జాతకం తనే చెబుతుంది. వెండిలా మెరిస్తే ఉత్తమం, లేత గడ్డి రంగైతే ఫరవాలేదు. ముదురు నీలం వస్తే వాయువు చాలలేదని అర్థం. బూడిద రంగో తెల్లపొడో కనిపిస్తే కోసి తీసేయాల్సిందే. ఆ పొడే ఇందాక చెప్పిన గోడ రంగు.

మరి బైకు వెనక అందరూ ముచ్చటపడే నీలం, ఊదా? అక్కడ ఏ రంగూ పూయలేదు. వాన నీటి మీద తేలే నూనెపొరలాగే, లోహం మీద ఏర్పడే పలుచని ఆక్సైడ్ పొర పైనుంచీ అడుగునుంచీ తిరిగొచ్చే వెలుగు తరంగాలు కలిసి, పొర మందాన్ని బట్టి రంగులు పుడతాయి. పూర్తయిన గొట్టం పైన అది అందమే, అతుకు మీదైతే హెచ్చరిక.

● వంపు తిప్పిన టైటానియం కొంత వెనక్కి లేస్తుంది. సరైన యంత్రం లేనివాళ్లు గొట్టాన్ని దోసకాయ చక్రాల్లా ఏటవాలుగా కోసి, ముక్క పక్కన ముక్క అతికి వంపు తెస్తారు. ప్రతి ముక్కకీ ఓ చుట్టు వెల్డింగ్!

● కోసినప్పుడు రాలే సన్నని పొట్టును పోగుపడనీయకూడదు. అంటుకుంటే నీళ్లు పోయకూడదు, పొడి ఇసుక కప్పాలి. టైటానియం నైట్రోజన్‌లో కూడా మండగలదు.

● 1960లలో అమెరికాలో లాక్‌హీడ్ సంస్థ టైటానియంతో గూఢచారి విమానాలు కట్టింది. చలికాలంలో వెల్డింగ్ చేసిన భాగాలు బాగానే నిలిచాయి, వేసవిలో చేసినవి త్వరగా చెడిపోయాయి. ఆరా తీస్తే, నాచు పట్టకుండా బర్బాంక్ ఊరి నీళ్లలో వేసవిలో క్లోరిన్ ఎక్కువ కలుపుతున్నారని తేలింది. భాగాలను కడిగేది ఆ నీళ్లతోనే! అప్పటినుంచి డిస్టిల్డ్ వాటర్ వాడారు. ఎగ్జాస్ట్ గొట్టం అతికేవాళ్లు కూడా క్లోరిన్ ఉన్న ద్రావకాలు దగ్గరికి రానివ్వరు. ఎసిటోన్‌తో తుడిచి, ఆపైన ఉత్త చేత్తో ముట్టుకోరు. వేళ్ల చెమటలో ఉప్పుంటుంది, ఉప్పులో క్లోరిన్ ఉంటుంది.