సలేశ్వరపు లోయకు సకుటుంబ యాత్ర



చైత్రపూర్ణిమ సమీపించినతోడనే మన కల్వకుర్తి పల్లెలలో సలేశ్వర యాత్రాప్రసంగము మొదలగును. తాతలు, మనుమలు, చంకబిడ్డల తల్లులు గుంపుగూడి నల్లమలకు ప్రయాణమగుదురు. ఎండలు మండు తఱి ఇంటిల్లిపాదియు నడచి చేరదగిన ఇంత చల్లని తావు మన సీమలో అరుదు. అయినను ఈ త్రోవకొక గుణము కలదు. దాని నెఱిగి నడచువారికిది సుఖయాత్ర, ఎఱుగనివారికి కష్టయాత్ర. ఆ గుణమును విన్నవించుటయే నేటి ప్రసంగమున కుద్దేశము.

మన్ననూరు దాటి శ్రీశైలము త్రోవలో పోగా ఫరహాబాదు వచ్చును. అచట పెద్దబాట విడిచి అడవిలోనికి తిరుగవలయును. బండ్లు నిలుచు తావునుండి ఆపై కాలినడకయే. ఈ అడవి 1983 నుండియు పులుల సంరక్షణకై ఏర్పడినది. రాష్ట్రవిభజన పిమ్మట తెలంగాణ భాగమునకు అమ్రాబాదు పులుల అభయారణ్యమని పేరు కలిగినది. అందుచే పూర్ణిమ కటునిటు కొలది దినములు మాత్రమే యాత్రకు అనుజ్ఞ యిత్తురు. ఆ దినములను, వేళలను అటవీశాఖవారివలన ముందుగా తెలిసికొనవలయును.

లోయ ఏల చల్లగా నుండును? నల్లమల యీ భాగమున పైన చదునైన నేల. ఆ నేలను ఏఱులు యుగయుగములుగా కోసి లోతైన లోయలు గావించినవి. ఇరుప్రక్కల ఱాతిచరియలు గోడలవలె నిలుచుటచే, ప్రొద్దు నడినెత్తికి వచ్చిననే గాని ఎండ అడుగునకు చేరదు. ఇది మొదటి కారణము. వానకాలపు నీరు పైనేలలో నింకి, ఱాతిపగుళ్ళవెంట మెల్లగా దిగి, వేసవిలో సైతము ధారయై పడును. నీరు ఆవిరియగునపుడు చుట్టునున్న గాలినుండి వేడిని గైకొనును. క్రొత్తకుండలో నీరు చల్లబడుటయు ఈ న్యాయముననే. ఇది రెండవది. చెట్లనీడయు, ఆకులు విడుచు తేమయు మూడవది.

ఇక త్రోవ గుణము. కొండమీది గుడికి పోవువాడు ముందెక్కి, అలసిన పిమ్మట దిగును. లోయకు పోవువాడు ముందు దిగి, అలసిన పిమ్మట ఎక్కును. దిగునపుడు ముదుసలి సైతము “ఇంతేకదా” యనుకొనును. మఱలునపుడు ఎండ, నిట్రమైన బాట, కాళ్ళనొప్పి, నీటికొఱత నాలుగును ఒక్కమాఱే పైబడును. బాట ఇఱుకు, జనము వేలకొలది. 2023 ఏప్రిల్ జాతరలో ప్రాణనష్టము సైతము కలిగినది. కావున ఇంటిపెద్దలు బయలుదేరకముందు “దిగగలనా” యని కాక, “ఎక్కగలనా” యని ప్రశ్నించుకొనవలయును. గుండెజబ్బు, ఉబ్బసము గలవారు పైనుండియే నమస్కరించుట లోపము కాదు. పెద్దలు నిలిచినచోట పిల్లలును నిలుతురు.

వేకువనే బయలుదేరి, ద్వారము తెఱచినతోడనే ప్రవేశించుడు. ఇంటివారిలో మెల్లగా నడచువారిని ముందుంచి, తక్కినవారు ఆ నడకనే అనుసరింపవలయును. తెచ్చిన నీటిలో సగము ఎక్కుటకై దాచుడు. ఉప్పు కలిపిన మజ్జిగ మేలు. చెమటతో పోయిన ఉప్పు దానివలన మఱల చేరును. జనులు స్నానమాడు మడుగునీరు త్రాగదగదు. మధ్యాహ్నమైనచో లోయనీడనే విశ్రమించి, ఎండ వాలినపిమ్మట, అడవివారి గడువు దాటకుండ ఎక్కుట యుక్తము.

ఎవనికైన తల తిరిగి, వాంతియై, ఒడలు కాలుచు మాట తడబడినచో అది వడదెబ్బ. వెంటనే నీడకు చేర్చి, బట్టలు వదులుచేసి, ఒడలు తడిపి విసరుడు. స్మృతి లేనివాని నోట నీరు పోయరాదు. ఒకరు అచట కూర్చుండగా మఱియొకరు వైద్యులకొఱకు పరుగిడవలయును. చరియలకు తేనెపట్టు లుండవచ్చును గావున పొగ పెట్టరాదు, ఱాళ్ళు రువ్వరాదు.

అచటి లింగమయ్యకు అర్చకులు చెంచులు. ఆ అడవి వారి నివాసము, మనము అతిథులము. కొనిపోయిన ప్లాస్టిక్ సంచిని, సీసాను మఱల మన ఊరికే తెచ్చుకొనుట అతిథిధర్మము. పోవునపుడు లింగమయ్యను పిలిచి “వచ్చుచున్నాము” అనియు, మఱలునపుడు “పోవుచున్నాము” అనియు కేకలిడుట అచటి ఆచారము. ఆ రెండవ కేకకు చాలినంత ఊపిరి మిగిలియున్ననాడే యాత్ర సఫలము.